ఓర్వా ఒడ్డున హాజరు

మంచు ఎక్కువగా కురిసే ఐరోపా దేశాల మధ్య సెల్మోర్ అనే చిన్న రాజ్యం ఉండేదట. పటంలో వెతక్కండి, దొరకదు. దాన్ని హెల్మార్ అనే రాజు ఏలేవాడు. రైళ్ళూ, ఫిరంగులూ, టెలిఫోన్లూ వచ్చేసిన కాలం అది. రాజుగారి మీసం మాత్రం ఇంకా వాళ్ళ తాతగారి కాలంలోనే ఉండేది.

ఆ రాజ్యానికీ, ఓర్వా నది అవతలి రాజ్యానికీ ఏళ్ళ తరబడి యుద్ధం సాగుతోంది. ఎందుకు మొదలైందని అడిగితే ఒక్కో మంత్రి ఒక్కో కారణం చెప్పేవాడు. ఇవతలి గట్టున వీళ్ళ కందకాలు, అవతలి గట్టున వాళ్ళ కందకాలు, మధ్యలో నదీ బురదా. ఏటా రాజుగారు ఒకసారి దాడికి ఆజ్ఞ ఇచ్చేవారు. సైనికులు నది దాటి వెళ్ళేవారు. కొద్దిమంది తిరిగొచ్చేవారు. గట్టు ఎక్కడిదక్కడే ఉండేది.

మరి ఇన్నేళ్ళు ఎలా సాగిందంటారా? సముద్రం అవతల బ్రెన్నా అనే సంపన్న దేశం సెల్మోర్‌కు మిత్రరాజ్యం. అక్కడి నుంచి ఓడల్లో ఫిరంగి గుళ్ళు, బూట్లు, డబ్బాల్లో మాంసం, ఫిరంగులు పోతపోయడానికి కంచు వచ్చేవి. మనుషులు మాత్రం వచ్చేవారు కాదు. ఓడిపోకుండా ఉండటానికి ఎంత సాయం చాలుతుందో, గెలవడానికి ఎంత చాలదో బ్రెన్నా వాళ్ళకు బాగా తెలుసు. వచ్చిన కంచులో సగంతో రాజుగారు పతకాలు పోతపోయించారు. పతకానికి ఒకవైపు ఆయన ముఖం, రెండోవైపు కూడా ఆయన ముఖమే.

ఆ సైన్యంలో ఒక ఆచారం ఉండేది. రోజూ సాయంత్రం కందకంలో హవల్దారు అందరి పేర్లూ పిలిచి హాజరు తీసుకుంటాడు. ఎవరైనా చనిపోతే, వాడి శవం సొంతూరు చేరి, ఆ ఊరి గుడి గంట మోగేదాకా వాడి పేరు తీసెయ్యకూడదు. రాజుగారి తాత పెట్టిన ఆచారం. ఆయన కాలంలో యుద్ధాలు ఒక్కరోజులో ముగిసేవి, మర్నాటికి శవాలు ఊళ్ళకు చేరేవి, కాబట్టి ఏ ఇబ్బందీ లేకపోయింది. ఇప్పుడు చనిపోయిన వాళ్ళంతా అవతలి గట్టు బురదలో, శత్రువు తుపాకుల ఎదురుగా పడి ఉన్నారు. వాళ్ళను తెచ్చేవాడు లేడు, గంట మోగేదీ లేదు. పేరు పిలిచినప్పుడు పలకకుండా ఊరుకోవడానికి పక్కవాడికి మనసొప్పేది కాదు. వాడి బదులు వీడు "ఉన్నాను" అనేవాడు.

ఈ సంగతి రాజ్యంలో ప్రతి ఇంటికీ తెలుసు, రాజుగారి ఇంటికి తప్ప. కోటకు మాత్రం రోజూ "అందరూ పలికారు" అని టెలిఫోను వచ్చేది. రాజుగారు మీసం దువ్వుకునేవారు.

ఆ కొలువులో మిక్లోష్ అనే మాటకారి ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. అతని చెల్లెలు ఎల్కా మొగుడు లూబోర్, పీపాలు చేసే వడ్రంగి, యుద్ధం మొదలైన ఏడాదే సైన్యంలోకి పట్టుకుపోతే ఇంకా ఆ కందకంలోనే ఉన్నాడు. ఒకరోజు ఎల్కా అన్నగారి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మళ్ళీ దాడి ఉంటుందని ఊరంతా అనుకుంటున్నారు అన్నయ్యా. నీ మాటకు రాజుగారు నవ్వుతారట కదా. ఎంతమందిని నవ్విస్తే ఏం లాభం? మీ బావను తెచ్చిపెట్టు. తేలేకపోతే మా ఇంటి వైపు రాకు" అని, కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు కొలువులో బల్ల మీద పటం పరిచి ఉంది. రాజుగారు సీసపు సైనికుల బొమ్మలను ఒక్కొక్కటే నది దాటిస్తున్నారు. బ్రెన్నా రాయబారి పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఎల్లుండి తెల్లవారగానే మొత్తం సైన్యం నది దాటుతుంది. ఒక్కడు కూడా తగ్గలేదు. రోజూ హాజరు వింటూనే ఉన్నాను" అన్నారు రాజుగారు.

"దాటడం తేలికే ప్రభూ. పటం మీద నదికి తడి ఉండదు" అన్నాడు మిక్లోష్.

రాయబారి దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. రాజుగారి ముఖం ఎర్రబడింది.

"నా సైన్యం లేదంటావా?"

"బూట్లు వస్తున్నాయని తెలుసు ప్రభూ. కాళ్ళ సంగతి నాకు తెలియదు. రేపు హాజరుకు మీరే వచ్చి, మీ చెవులతో వినండి. ఒక్క పేరు పలకకపోయినా దాడి మానెయ్యండి."

"అన్ని పేర్లూ పలికితే?"

"ముందు వరుసలో నేను నడుస్తాను."

కొలువంతా బిత్తరపోయింది. అన్ని పేర్లూ పలుకుతాయని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. కావాలని ఓడిపోయే పందెం కాసేవాణ్ణి వాళ్ళెప్పుడూ చూడలేదు.

"ఒక్క మనవి" అన్నాడు మిక్లోష్. "పేరు పలికిన ప్రతివాడూ మీ ముందుకు రావాలి. మీ చేత్తోనే వాడి మెడలో పతకం వెయ్యాలి. రాయబారిగారు చూస్తారు. మీ సైన్యం ఎంతటిదో బ్రెన్నాకు తెలిస్తే ఇకముందు వచ్చే ఓడల సంగతి వేరే చెప్పాలా?"

ఆ ఆలోచన రాజుగారికి తేనెలా అనిపించింది. పతకాల పెట్టెలన్నీ రైలెక్కించమన్నారు.

మర్నాడు వాళ్ళు ఓర్వా చేరేసరికి ఇంకా పొద్దుంది. కానీ పొగమంచు కందకంలోకి దిగి కూర్చుంది. పది అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. పక్షి కూత లేదు, కుక్క అరుపు లేదు. బురద మీద పలకలు వేసిన దారి. ఆ దారి పొడవునా గోడవారగా కొత్త బూట్లు జతలు జతలుగా పెట్టి ఉన్నాయి. తాళ్ళు కూడా విప్పలేదు. ప్రతి జతా నది వైపే తిరిగి ఉంది.

"ఇవెందుకు వేసుకోలేదు?" అని రాజుగారు హవల్దారును అడిగారు.

"వేసుకోవలసిన వాళ్ళు ఇంకా రాలేదు ప్రభూ. వచ్చినప్పుడు తడి కాళ్ళతో ఉండకూడదని పెట్టాం" అన్నాడు హవల్దారు. అతని గొంతులో వేళాకోళం ఏమీ లేదు. రాజుగారు కోటు మెడ పైకి లాక్కున్నారు.

హాజరు మొదలైంది. హవల్దారు పేరు పిలిచాడు. పొగమంచులోంచి "ఉన్నాను" అని గొంతు వచ్చింది. గడ్డం మీద మంచు కట్టిన ఒక బక్కమనిషి ముందుకు వచ్చి తల వంచాడు. రాజుగారు పతకం వేసి, భుజం తట్టి, రాయబారి వైపు చూసి మీసం సవరించుకున్నారు. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత ఇంకొకడు. పేరు వెంట పేరు, ఒక్కటీ తప్పడం లేదు. రాజుగారికి ఉత్సాహం ఎక్కువైంది.

హవల్దారు "స్టెఫాన్" అని పిలిచాడు. నత్తిగా "ఉ... ఉన్నాను" అన్నారెవరో. మంచులోంచి వచ్చినవాడు మొదట వచ్చిన బక్కమనిషే. రాజుగారు కవలలేమో అనుకుని పతకం వేశారు. ఇంకాసేపటికి "యోనాష్" అని పిలుపు. బొంగురు గొంతు పలికింది. మళ్ళీ అదే గడ్డం, అవే కళ్ళు. ఆ తర్వాత ముసలిదగ్గుతో ఒక గొంతు. మళ్ళీ అతనే.

రాజుగారు పతకం వెయ్యబోయి వెనక్కి తీసుకున్నారు.

"నువ్వు... నువ్వు మనిషివేనా?"

"ప్రస్తుతానికి మనిషినే ప్రభూ. నా పేరు లూబోర్, అది ఇంకా పిలవలేదు. ఇప్పుడు పలికింది మాత్రం మా ఎడమ పక్క ఉండే యోసెఫ్" అన్నాడతను. "వాడికి దగ్గు. దగ్గకుండా పలికితే వాడు పలికినట్టుండదు."

"ఏడీ ఆ యోసెఫ్?"

లూబోర్ నది వైపు చెయ్యి చూపించాడు. అటు మంచు తప్ప ఏమీ లేదు.

"పలకడం మానేస్తే?"

"వాణ్ణి మేమే అక్కడ వదిలేసినట్టవుతుంది ప్రభూ" అన్నాడు లూబోర్. రాజుతో మాట్లాడుతున్నానన్న బెరుకు అతనికి లేదు. అసలు అతనిలో ఏ బెరుకూ మిగిలినట్టు లేదు.

మిక్లోష్ రాజుగారి వెనకే నిలబడి ఉన్నాడు. తన బావను అతను గొంతుతో కాదు, ముఖంతో కాదు, పేరు చెప్పాకనే గుర్తుపట్టాడు. అంతగా మారిపోయాడు మనిషి. మిక్లోష్ కళ్ళు తుడుచుకున్నాడు. మంచు కదా, ఎవరూ చూడలేదు.

హాజరు సాగుతూనే ఉంది. వచ్చిన ముఖాలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, కొత్త కొత్త గొంతులతో. ఒకడు చచ్చిపోయిన పాటగాడిలా రాగం తీసి పలికాడు. ఒకడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడి సన్నటి గొంతుతో పలికి, పతకం వేయించుకుని, ఆ పతకాన్ని పెదవులకు తాకించుకున్నాడు. ప్రతి మెడలోనూ కంచు పేరుకుపోతోంది. బరువుకు వాళ్ళ వీపులు వంగిపోతున్నాయి. ఎటు చూసినా పతకాల మీంచి రాజుగారి ముఖమే రాజుగారి వైపు చూస్తోంది. పెట్టెలు ఖాళీ అయ్యాయి. పేర్లు ఇంకా ఉన్నాయి. రాయబారి ఎప్పుడో టోపీ తీసేశాడు.

చివరి పేరు కూడా పలికింది. ఎవరూ కదల్లేదు. పతకాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.

రాజులతో వచ్చిన చిక్కేమిటంటే, భయపడ్డాక వాళ్ళకు పంతం వస్తుంది. హెల్మార్ గొంతు సవరించుకున్నారు.

"మిక్లోష్, పందెం పందెమే. అన్ని పేర్లూ పలికాయి. ఓడిపోయావు. రేపు దాడి జరుగుతుంది. ముందు వరుసలో నడువు."

కందకంలో వాళ్ళు మెడల్లో పతకాలతోనే తుపాకులు అందుకున్నారు.

మిక్లోష్ వంగి నమస్కరించాడు. "ఓడిపోయాను ప్రభూ, మాట తప్పను. కాకపోతే ముందు వరుస ఎక్కడుందో మీరు కాస్త చూడండి."

"ఇదిగో, వీళ్ళే."

"వీళ్ళు కాదు. మీ సైన్యంలో ఎక్కువమంది ఎప్పుడో నది దాటేశారు. అవతలి గట్టున ఉన్నారు. వాళ్ళంతా హాజరులో పలికారని ఇప్పుడే మీరూ ఒప్పుకున్నారు, పతకాలు కూడా వేశారు. అంటే ముందు వరుస వాళ్ళదే. గట్టు ఎక్కడం కూడా అయిపోయింది. ఇంకా ఎవరిమీద దాడి? ఇక్కడ మిగిలింది వెనక వరుస. పని అయిపోయాక వెనక వరుసను ఇంటికి పంపడం మీ తాతగారి కాలం నుంచీ ఉన్నదే కదా." అతను అవతలి గట్టు వైపు చెయ్యి చూపించాడు. "వాళ్ళు పలికినట్టు కాదంటారా, అప్పుడు పందెం నేను గెలిచాను. ఎలాగైనా మీ ఇష్టం. ముందు వరుసలోకి వెళ్ళమంటే ఇప్పుడే వెళ్తాను. అక్కడ ఖాళీ ఉందో లేదో."

రాజుగారు నది వైపు చూశారు. తర్వాత ఆయన నవ్వారు. కొలువులో నవ్వే నవ్వు కాదది. ఖాళీ పెట్టె మీద కూలబడి, కడుపు పట్టుకుని, మధ్యలో ఎప్పుడు ఏడుపైందో ఆయనకే తెలియనట్టుగా నవ్వారు. ఆయనతో కలిసి ఎవరూ నవ్వలేదు.

"ఎటు తిరిగినా కట్టిపడేశావురా" అన్నారు చివరికి.

రాయబారి మెల్లగా అడిగాడు. "ఈసారి ఓడల్లో ఏం పంపమని మా రాజుగారికి చెప్పను?"

"ఓడలు వద్దు. మీది సంపన్న దేశం, మీ మాట అవతలివాళ్ళు కూడా వింటారు. మా వాళ్ళను మోసుకొచ్చుకునేదాకా తుపాకులు ఆపమని చెప్పి ఒప్పించండి. ఇన్నేళ్ళలో మిమ్మల్ని అడగవలసింది అదొక్కటే, నేను బూట్లు అడిగాను."

ఆ సాయం బ్రెన్నా చేసింది. బూట్లకన్నా చవకైన సాయమే, కానీ అంతవరకూ ఎవరూ అడగలేదు. తుపాకులు ఆగాయి. కందకం కాపలాకు కోట సైనికులు వచ్చారు, పాతవాళ్ళు ఇళ్ళకు బయలుదేరారు. బండ్ల మీద శవాలు ఊళ్ళు చేరాయి. సెల్మోర్‌లో గంటలు మోగడం మొదలై, రోజుల తరబడి ఆగలేదు. ఒకసారి ఆగిన తుపాకులను మళ్ళీ మొదలుపెట్టమనడానికి రెండు వైపులా ఎవరికీ నోరు రాలేదు.

మిక్లోష్‌కు రాజుగారు తన ఉన్ని కోటు కప్పి, "ఇకనుంచి నన్ను నవ్వించడం నీ పని కాదు. నాకు ఎదురు చెప్పడం నీ పని. జీతం రెట్టింపు" అన్నారు.

"ఆ పని ఇన్నాళ్ళూ జీతం లేకుండానే చేశాను ప్రభూ" అన్నాడు మిక్లోష్. ఈసారి రాజుగారు మామూలుగానే నవ్వారు.

మిక్లోష్ బావను వెంటబెట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. లూబోర్ కొట్టంలోకి వెళ్ళి, సగం చేసి వదిలేసిన పీపా పక్కన కూర్చున్నాడు. వంటింట్లోంచి ఎల్కా పిలిచింది.

"స్టెఫాన్ వాళ్ళమ్మ వచ్చి వెళ్ళింది, విన్నావా లూబోర్?"

ఎల్కా గుమ్మంలోకి వచ్చింది. లూబోర్ లేచి నిటారుగా నిలబడ్డాడు. "ఉ... ఉన్నాను" అన్నాడు, నత్తిగా.

ఎల్కా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అన్నగారి వైపు చూసింది.

"స్టెఫాన్ గంట పొద్దున్నే మోగింది బావా" అన్నాడు మిక్లోష్. "నీకిక పని లేదు." చెల్లెలితో మెల్లగా, "ఇంకోసారి పిలువు" అన్నాడు.

"లూబోర్" అంది ఎల్కా. "అన్నం చల్లారిపోతోంది."

అతను సగం పీపా మీద చెయ్యి వేసి ఎల్కా వైపు తిరిగాడు.

"ఆఁ, వస్తున్నా" అన్నాడు.