గుహలో మొలిచిన పెసలు

అనగనగా ఒక అడవిలో, రాళ్ళగుట్ట పక్కన, జంతువుల పిల్లలకి ఒక బడి ఉండేదర్రా. మాస్టారు ముళ్ళపంది కంపన్న. ఆయన్ని చూస్తే పిల్లలకి హడల్. ఉత్త హడలేలే, ఆయన మనసు వెన్న.

ఆ వేసవిలో అడవికి ఒక చిక్కొచ్చిపడింది. వానలు పడగానే చల్లుకోవడానికి అందరూ కలిసి పది బుట్టల పెసలు దాచారు. ఏడాది తిండికి అవే ఆధారం. బయట పెడితే చిలకలు తినేస్తున్నాయి. గుట్ట కింది గుహలోకి చిలకలు రావు. కానీ ఆ గుహ గోడల వెంట ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి.

"అక్కడ తడి ఉంది, వెలుతురు లేదు. చీకట్లో పెసలు మొలుస్తాయా, మొలవవా? ముందది తేలాలి. మొలిస్తే విత్తనాలన్నీ దండగే," అన్నారు మాస్టారు. "రెండు దొప్పల్లో పదేసి గింజలు వేద్దాం. ఒకటి బండ మీద, ఒకటి గుహలో. రెండింటికీ ఒకే కొలత నీళ్ళు. మూడు రోజులకోసారి చూసి, ఎన్ని మొలిచాయో తాటాకు మీద రాయాలి. ఎవరు చేస్తారు?"

"నేను చేస్తానండీ!" అంది ఉడుతపిల్ల పింజ.

"ఆ గుహలో ఏదో ఉందటే. మా తాత చెప్పాడు," అన్నాడు ముంగిసపిల్ల గోగు.

"భయమైతే నువ్వు ఇంట్లో కూర్చో. నాకేం భయం!" అని పింజ తోక ఎగరేసింది. లోపల గుండె దడదడలాడుతోంది, అది వేరే సంగతి.

మూడో రోజుకి బండ మీద తొమ్మిది గింజలు మొలిచాయి. పొట్టిగా, పచ్చగా ముద్దొస్తున్నాయి. పింజ తొమ్మిది గీతలు గీసి గుహలోకి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నమే. అయినా నాలుగడుగులు వేసేసరికి తన కాళ్ళు తనకే కనిపించలేదు. అంతలో లోపలినుంచి 'టప్' మని చిన్న చప్పుడు. ఆగింది. మళ్ళీ 'టప్'.

"ఎవరది?" అంది.

ఎవరూ పలకలేదు. నీళ్ళు దొప్ప వైపు విసిరేసి ఒకటే పరుగు! బయటికొచ్చి తాటాకు మీద సున్నా చుట్టేసింది. ఎండ లేనిచోట ఏం మొలుస్తాయిలే అని తనకి తనే చెప్పుకుంది.

ఆరో రోజు కళ్ళు గట్టిగా మూసుకుని వెళ్ళింది. చల్లగా, సన్నగా ఏదో మూతికి తగిలింది. మెత్తగా ఉంది. ప్రాణమున్నట్టు వెనక్కి ఊగింది. "అమ్మో!" అని బయటపడి ఇంకో సున్నా చుట్టింది.

తొమ్మిదో రోజు లోపలికి వెళ్ళనేలేదు. గుమ్మంలోంచి తొంగి చూసింది. చీకట్లో తెల్లగా, పొడుగ్గా ఏవో నిలబడి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో వంగిన తల. ఆ తలలన్నీ పింజ వైపే తిరిగి ఉన్నాయి. పింజ వెనక్కి తిరిగి పరిగెత్తి మూడో సున్నా చుట్టేసింది.

"కళ్ళారా చూశావా పింజా?" అని మాస్టారు అడిగారు.

గోగు పక్కనే నిలబడి ఉన్నాడు. భయపడ్డానంటే నవ్వుతాడు.

"చూశానండీ. గుహలో ఒక్కటీ మొలవలేదు," అంది పింజ.

మాస్టారు నమ్మారు. అడవంతా నమ్మింది. పది బుట్టలూ గుహలోకి చేరాయి.

పదిహేను రోజులకి తొలకరి పడింది. విత్తనాల కోసం అందరూ గుహకి వెళ్ళారు. ముందు నడుస్తున్న ఎలుగుబంటి గుమ్మంలోనే ఆగిపోయింది. గుహ నిండా తెల్లని తలలు! వందలు కాదు, వేలు. అన్నీ గుమ్మం వైపే వంగి మెల్లగా ఊగుతున్నాయి. లోపలినుంచి కుళ్ళు వాసన కొడుతోంది.

"దయ్యాలు! పారిపోండి!" అని అరిచింది ఎలుగుబంటి.

అందరూ తలో దిక్కుకి పరిగెత్తారు. పింజ కూడా పరిగెత్తబోయింది. కానీ ఒక తల మీద ఆకుపచ్చని పొట్టు అతుక్కుని కనిపించింది. అది పెసర పొట్టు. పింజ వణుకుతూనే లోపలికి వెళ్ళి దాన్ని పీకి, చెట్టు చాటున ఆగిన మాస్టారి దగ్గరికి తెచ్చింది.

"దయ్యాలు కావు. మన పెసలే. వెలుతురు కోసం ఇటు వంగాయి," అంది. తర్వాత భోరున ఏడ్చింది. "నేను లోపల చూడలేదు మాస్టారూ. చూశానని అబద్ధం చెప్పాను."

మాస్టారు ఆ మొలకని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీ అమ్మమ్మ నేలలో పాతి మర్చిపోయిన గింజలు ఏ వెలుతురు చూసి మొలిచాయే? నాకూ అప్పుడు తట్టలేదు," అన్నారు. "పెసరగింజ మొలవడానికి తడి చాలు. మొలిచాక బతకడానికి వెలుతురు కావాలి. భయమేస్తోందని ఒక్కమాట అంటే నేనే నీతో వచ్చేవాణ్ణి కదే!"

ఆ మొలకల్ని బయటికి తెచ్చి నాటారు. మధ్యాహ్నానికల్లా అన్నీ వాడి నేలకి అతుక్కుపోయాయి. ఎత్తు రాతి మీద తడి తగలని ఒక్క బుట్ట మిగిలింది. దాన్నే చల్లుకున్నారు.

ఆ ఏడంతా అడవిలో అందరివీ అరకడుపులే. పింజని ఎవరూ ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది. ఒకరోజు గోగు చెల్లెలు ఆకలని ఏడుస్తుంటే, పింజ తన వంతు గింజలన్నీ దాని చేతిలో పోసింది. ఆ పసిది గబగబా తినేసి పింజ మొహంలోకి చూసింది.

"అక్కా, ఇంకా ఉన్నాయా?" అంది.

లేవు. పింజ తల దించుకుంది.

నీతి: భయపడటం తప్పు కాదు. భయాన్ని దాచుకోవడానికి, చూడనిదాన్ని చూశానని చెబితే, పదిమంది నోటికాడ కూడు పోతుంది.