సగం సామెత

ఏనుగువానిపాలెంలో వీరరాఘవులు అనే రైతు ఉండేవాడు, ఆయనకు తను చేసే ప్రతి అన్యాయానికీ ప్రకృతి చేత సాక్ష్యం చెప్పించే పాడు అలవాటు ఉండేది. పొరుగువాడి గట్టు చెక్కి తన చేలో కలుపుకొని, "పెద్దచేప చిన్నచేపను మింగదూ? ప్రకృతి ధర్మం!" అనేవాడు. కూలివాళ్ళను ఎండలో వదిలేసి తను చెట్టుకింద పడుకొని, "అడవిలో సింహం పని చేస్తుందా?" అనేవాడు. ఆ నోటికి జడిసి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. కొందరైతే అదేదో వేదాంతం అనుకొనేవారు కూడాను. వేదాంతమట, వేదాంతం!

కాలువ నుంచి పొలాలకు నీళ్ళు తెచ్చే బోదె మీద ఆయన చేను ఎగువన ఉండేది. నూకరత్నం అనే ఆవిడ ఎకరం చేను దిగువన ఉండేది. ఆ ఏడు కాలువకు నీళ్ళు తక్కువ వదిలారు. రాఘవులు బోదెకు అడ్డంగా ఇసుక బస్తాలు వేయించి నీళ్ళన్నీ తన చేలోకి మళ్ళించుకున్నాడు. చేను నిండి పొర్లుతున్నా ఒక్క బస్తా కదపలేదు. దిగువన నూకరత్నం నారుమడి నెర్రెలు విచ్చింది. ఇంట్లో ఉన్న విత్తనాలన్నీ ఆవిడ అప్పటికే ఆ మడిలోనే చల్లేసింది.

ఆవిడ చెంగు బిగించుకొని వచ్చింది. "రాఘవులుగారూ, ఒక్క పూట ఆ బస్తాలు తీయించండి. నారు చచ్చిపోతోంది."

"నేనేం చేసేది, నూకరత్నం? ఎగువవాడు తాగాకే దిగువవాడు. నీరు పల్లమెరుగు అన్నారు. ప్రకృతి ధర్మాన్ని నేను మారుస్తానా?"

"నీరు పల్లమెరుగునండీ, ఎవరు కాదన్నారు? అడ్డం లేకపోతే నా మడికే వచ్చేది. ఆ బస్తాలు ప్రకృతి వేసిందా, మీరు వేశారా? అయినా సామెత సగమే చెప్తారేం? నిజం దేవుడెరుగు అని రెండో సగం ఉంది!"

రాఘవులు పకపకా నవ్వాడు. "ఆ సగం నీళ్ళకు తెలియదులే, వెళ్ళిరా" అన్నాడు.

నాలుగో రోజుకు నారు ఎండుగడ్డి అయింది. పక్కచేలో నారు ఎండుతుంటే నవ్వేవాణ్ణి రైతు అనడానికి నాకు నోరు రాదు. నూకరత్నం పుట్టింటి నుంచి విత్తనాలు తెచ్చుకొని, చేలో ఓ మూల మళ్ళీ చల్లి, బిందెలతో నీళ్ళు మోసి నారు బతికించుకుంది.

అంతలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఒకటే వాన. బోదె నిండా వచ్చిన నీళ్ళు ఆ ఇసుక బస్తాలకే తగిలి, రాఘవులు కొత్తగా నాటిన చేలోకి మళ్ళాయి. చేను మునిగింది, బస్తాలూ మునిగాయి. ఆ నీళ్ళు మురుగుకాలువలో పడాలంటే నూకరత్నం చేను మీదుగానే పోవాలి. మధ్యలో ఆవిడ గట్టు ఉంది.

రాఘవులు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. నూకరత్నం పార పట్టుకొని గట్టు మీదే ఉంది.

"గట్టు తెగ్గొట్టు, నూకరత్నం! చేను కుళ్ళిపోతుంది. చూస్తూ ఊరుకోవడం న్యాయమా?"

"న్యాయమా!" ఆవిడ కళ్ళెర్రజేసింది. "ఆ మాట మీకెక్కడ దొరికిందండీ? మొన్నటిదాకా మీ దగ్గర చేపలూ సింహాలే ఉండేవిగా? పోయి ఆ వానను అడగండి న్యాయం!"

న్యాయం అడగడానికి రాఘవులు వాన దగ్గరికి పోలేదు, మనిషి దగ్గరికే వచ్చాడు.

"నీళ్ళకు పల్లానికి పోవడం తప్ప వేరే దారి లేదు. నాకుంది. ఈ పార భుజాన వేసుకొని ఇంటికి పోగలను. ఆవేళ మీకూ ఉంది. బస్తాలు తీయగలిగీ తీయలేదు. పైగా ఆ తప్పు నీళ్ళ మీదికి తోశారు. సిగ్గులేదూ?" అంటూనే నూకరత్నం తన నారు చుట్టూ మట్టి ఎగదోసి, గట్టుకు గండి కొట్టింది.

రాఘవులు చేను సగం దక్కింది. నీళ్ళు తీశాక రాఘవులు బురదలో దిగి, ఊరంతా చూస్తుండగా బస్తాలు ఒక్కొక్కటీ తన చేత్తోనే లాగేశాడు. ఆ తర్వాత ఆయన నోట చేప మాట వినబడలేదు. ఎండిపోయిన మొదటి నారు మాత్రం ఆయన ఎంత సిగ్గుపడినా మళ్ళీ పచ్చబడలేదు.

నీతి: ప్రకృతి నియమాన్ని ఎవరూ తప్పలేరు, ధర్మాన్ని ఎవరైనా తప్పగలరు, తప్పగలిగీ తప్పనివాడే మనిషి, తను తప్పి ప్రకృతిని సాకు చెప్పేవాడు దొంగ.