తాతగారి ఊతపదం

ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు కనకవల్లి. ఎక్కడుంది, ఎన్నాళ్ళ కిందట అని మాత్రం నన్ను అడక్కండి. నాకు ఈ కథ చెప్పినావిడని నేనూ అడిగాను. "కథ కావాలా, దారి కావాలా?" అని కసిరింది.

ఆ కనకవల్లిని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ డాబు ఎక్కువ. ఆయనకి ముప్పై రెండు బిరుదులు. భట్టు అవన్నీ చదివి ముగించేదాకా సింహాసనం మీద కూర్చునేవాడు కాదు. చదివేవాడికి దగ్గొస్తే మళ్ళీ మొదటినుంచి. పాపం, సభలో ముసలి ఉద్యోగులకి కాళ్ళు పీకేవి.

ఆయనకో ఊతపదం కూడా ఉండేది. ఏం మాట్లాడినా చివర "మరేమనుకున్నావ్!" అనాల్సిందే. "ఈ రోజు పప్పులో ఉప్పు తక్కువైంది, మరేమనుకున్నావ్!" అనేవాడు. వంటవాడు ఏమీ అనుకుని ఉండడు, అయినా వణికేవాడు.

ఇలా ఉండగా రాజుగారికి నూట ఎనిమిది స్తంభాల సభామంటపం కట్టాలని బుద్ధి పుట్టింది. రాతిస్తంభాలు అందరికీ ఉంటాయి, మనవి చేవదేరిన మద్దిమానులై ఉండాలన్నాడు. అంతంత మానులు ఎక్కడున్నాయి? మబ్బుకొండ మీద, వెండేరు పుట్టే ఊట చుట్టూ ఉన్నాయి.

మబ్బుకొండ సంగతి చెప్పాలి. ఐదు రాజ్యాలను తడిపే వెండేరు అక్కడే పుడుతుంది. ఆ కొండమీద ఒక జనం ఉంటారు. వాళ్ళకి రాజు లేడు, కోట లేదు, రాత లేదు. ఏ పని చేయాలన్నా ఊట దగ్గర కూర్చుని అందరూ సరే అనేదాకా మాట్లాడుకుంటారు. కొండ మొదట్లో నిలువెత్తు రాయి ఒకటి పాతి ఉంటుంది. ఆ రాయి దాటాలంటే ఎవరైనా సరే చెప్పులు విడిచి "రావచ్చా?" అని కేకెయ్యాలి. పైనుంచి "రా" అంటే వెళ్ళాలి, అనకపోతే వెనక్కి తిరగాలి.

ఉద్దండవర్మ పంపిన వడ్రంగులు కేకా వెయ్యలేదు, చెప్పులూ విడవలేదు. తిన్నగా ఎక్కి నూట ఎనిమిది మానులకీ సున్నంతో గుర్తులు పెట్టి, పౌర్ణమి వెళ్ళిన మర్నాడు గొడ్డళ్ళతో వస్తామని చెప్పి దిగిపోయారు.

కొండజనం ఊట దగ్గర కూర్చున్నారు. మానులు పోతే ఊట ఎండుతుంది. ఊట ఎండితే కొండ దిగి, ఎవరి పొలంలోనో కూలికి నిలబడాలి. అసలు అంతకంటే ముందు, అడగకుండా వచ్చినవాణ్ణి ఈ రోజు ఊరుకుంటే రేపు వాడు అడగడమే మరిచిపోతాడు. మూడు రోజులు మాట్లాడుకుని సోమి అనే ముసలామెని రాయబారిగా పంపారు. ఆమెకి డెబ్బై ఏళ్ళు. కళ్ళు కొంచెం మసక. నాలుక మాత్రం కత్తి.

సోమి ఒక తేనెకుండ పట్టుకుని సభకి వచ్చింది. ముప్పై రెండు బిరుదులూ ఓపిగ్గా వింది. తర్వాత అంది:

"రాజా, నీ తాత దేవవర్మ మాకు మాటిచ్చాడు. అడగనిదే కొండెక్కనన్నాడు. నీ మనుషులు అడక్కుండా ఎక్కారు. తెలియక చేశావని మావాళ్ళు అనుకుంటున్నారు."

రాజుని "నువ్వు" అనేసరికి సభలో గుసగుసలు బయలుదేరాయి. కొండభాషలో అందరూ "నువ్వే". దేవుడూ నువ్వే, అల్లుడూ నువ్వే.

"ఏదీ, పత్రం చూపించు!" అన్నాడు మంత్రి నాగదేవుడు.

"పత్రం లేదు బాబూ. నోరుంది."

రాజు పకపకా నవ్వాడు. "నోటిమాటలకి రాజ్యాలు నడవవే ముసలిదానా! అయినా మా తాతగారు మీతో ఒప్పందమేమిటి? రాజులు రాజులతోనే ఒప్పందం చేసుకుంటారు, మరేమనుకున్నావ్!"

ఆ చివరి మాట వినగానే సోమి ఉలిక్కిపడింది. చేతిలో కుండ జారబోయింది. రాజు ముఖంలోకి మసకకళ్ళతో పరీక్షగా చూసింది.

"ఏమన్నావు రాజా? మళ్ళీ అను."

"రాజులు రాజులతోనే ఒప్పందం చేసుకుంటారన్నాను, మరేమనుకున్నావ్!"

"రెండుసార్లు అన్నావు. ఇక తిరుగులేదు" అని సోమి తేనెకుండ అక్కడే పెట్టి, బోసినవ్వు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ముసలిదానికి మతి చలించిందనుకున్నారంతా.

సరే, ఆ రోజుల్లోనే రాజుగారికి ఇంకో తలనొప్పి ఉంది. ఏటికి ఎగువన గండశిల రాజ్యం. అక్కడివాళ్ళు వెండేరుకి అడ్డంగా పెద్ద కట్ట వేస్తున్నారు. కట్ట లేచిందంటే కనకవల్లి చేలన్నీ బీళ్ళే. అందుకని ఉద్దండవర్మ మిగతా నాలుగు రాజ్యాల రాయబారులనూ పౌర్ణమినాటికి తన సభకి పిలిపించాడు. పూర్వం ఐదుగురు తాతలూ కలిసి నీళ్ళు పంచుకున్నారనీ, ఆ మాట చెల్లాల్సిందేననీ ఆయన వాదన.

సోమి ఊరికే కూర్చోలేదు. రాయబారుల విడిదికి వెళ్ళి ఒక్కొక్కరినీ పలకరించింది. ముగ్గురు తలుపు తియ్యలేదు. ఏటికి చిట్టచివర, సముద్రం పక్కనున్న లంకసీమ రాయబారి మాత్రం లోపలికి పిలిచి మజ్జిగ ఇప్పించాడు. చివరనున్నవాడికే కదా నీటి విలువ తెలిసేది! ఆమె చెప్పింది విని ఆయన మజ్జిగ తాగడం మరిచిపోయాడు.

పౌర్ణమి వచ్చింది. సభలో రాజుగారి సింహాసనంతో కలిపి ఐదు పీఠాలు వేశారు. ఉద్దండవర్మ ఆ తాతల ఒప్పందం చెక్కిన రాగిరేకు తెప్పించి చదివించాడు. గండశిల రాయబారి వామనభట్టు గట్టి పిండం. రేకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాగి ఎవరైనా చెక్కించుకోవచ్చు ప్రభూ. ఈ రేకుకి నోరుందా? ఆ తాతలు పోయారు, మాటా వాళ్ళతోనే పోయింది. ఆ మాట చెవులారా విన్నవాళ్ళు ఒక్కరుంటే చూపించండి, మా కట్ట మేమే తవ్వేస్తాం!"

ఉద్దండవర్మ అలాంటివాళ్ళని ఎక్కడినుంచి తెస్తాడు? అరవై మూడేళ్ళ కిందటి మాట!

అప్పుడు లంకసీమ రాయబారి లేచాడు. "సాక్షి ఉంది. బయట నిలబడి ఉంది."

తలుపులు తీశారు. సోమి వచ్చింది. ఆమె వెనక నలభైమంది కొండజనం, ఆడా మగా, వట్టి కాళ్ళతో వచ్చి నిలబడ్డారు.

"ప్రభూ, ఈవిడ ఆ రోజు..." అని మంత్రి చెవిలో గొణిగాడు.

"నోర్ముయ్యవయ్యా! ఇప్పుడు సాక్షి కావాలి, మరేమనుకున్నావ్!" అన్నాడు రాజు. నీళ్ళు పోయేవాడికి మర్యాదలు ఎక్కడ గుర్తుంటాయి?

సోమి అంది: "అప్పుడు నాకు ఏడేళ్ళు. ఐదుగురు రాజులూ మా ఊట దగ్గర కూర్చుని మాట చేసుకున్నారు. మాకు రాత లేదు, అందుకని విన్నది విన్నట్టు పట్టుకున్నాం. ఏటేటా కొత్తమామిడి తినేముందు అందరం కలిసి చెప్పుకుంటాం. తప్పు పలికినవాళ్ళకి ఆ రోజు మామిడికాయ లేదు. కానీ మా ఆచారం ఒకటుంది. ఏటికి ఎదురెక్కినట్టు కిందినుంచి పైకి చెబుతాం. ఒక్కో రాజు మాట ఒక్కో మెట్టు, అది చెప్పాక ఆ మెట్టువాళ్ళు 'ఔను, మాదే' అనాలి. అంటేనే పై మెట్టు."

"సరే, చెప్పు, చెప్పు!" అన్నాడు రాజు తొందరగా.

నలభైమందీ చేతులు పట్టుకున్నారు. నలభై గొంతులూ ఒక్క గొంతయ్యాయి. మొదట లంకసీమ తాత మాట. మాట మధ్యలో నలభైమందీ ఒక్కసారే ఖళ్ళున దగ్గారు. సభలో కొందరికి నవ్వొచ్చింది. లంకసీమ రాయబారి మాత్రం నవ్వలేదు. "మా పెద్దప్రభువు ఉబ్బసంతో పోయారు" అన్నాడు మెల్లగా. "ఔను, మాదే."

చూశారా, ఆ కొండజనం అమాయకత్వం! ఏది మాటో, ఏది దగ్గో వాళ్ళకి తెలియదు. రాజు నోట వచ్చిందంతా ఒట్టులో భాగమే అనుకున్నారు. అరవై మూడేళ్ళుగా ఆ దగ్గుని కూడా భద్రంగా పిల్లలకి నేర్పుతూ వచ్చారు.

తర్వాత రెండు మెట్లూ ఎక్కారు. ఆ ఇద్దరు రాయబారులూ లేచి నిలబడి "ఔను" అన్నారు. తర్వాత కనకవల్లి మెట్టు.

"కట్ట వేసుకోం, కాలవ మళ్ళించుకోం. పైవాడు తాగి కిందివాడికి వదలాలి. ఇది నా మాట, నా కొడుకు మాట, నా మనవడి మాట, మరేమనుకున్నావ్!"

ఆ నలభై గొంతులు చివరి ముక్క అన్న తీరు ఉందే, సరిగ్గా ఉద్దండవర్మ అన్నట్టే ఉంది. అదే విరుపు, అదే సాగతీత. రాగిరేకులో ఆ ముక్క లేదు. చెక్కినవాడు అనవసరమని వదిలేశాడు.

ఉద్దండవర్మ తెలియకుండానే సింహాసనం దిగాడు. ఐదేళ్ళప్పుడు పోయిన తాత. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మీసంతో బుగ్గ గుచ్చిన తాత. ముఖం మరిచిపోయాడు గానీ, ఆ మాట చెవిలో ఉండిపోయింది. అది తన ఊతపదమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆయన కళ్ళు నిండాయి.

"ఔను, మాదే" అన్నాడు. "మా తాత మాటలో ఒక్క అక్షరం వదలను. మొత్తం నాదే, మరేమనుకున్నావ్!"

తర్వాత గండశిల మెట్టు. నలభైమందీ ఒకే అక్షరం దగ్గర ఒకేలా నత్తిగా పలికారు. వామనభట్టు ముఖం పాలిపోయింది. గండశిల రాజవంశానికి ఆ నత్తి తరతరాలుగా ఉంది. బయటివాళ్ళకి తెలియకుండా దాస్తారు. ఆయన లేచి రెండు చేతులూ జోడించాడు. "ఔను, మాదే. కట్ట తవ్వేస్తాం."

సభంతా హర్షధ్వానాలు! రాజు ఆనందంతో మెడలో హారం తియ్యబోయాడు.

"ఆగు రాజా, ఏరు ఇంకా పుట్టలేదు" అంది సోమి. "పై మెట్టు ఒకటుంది."

మళ్ళీ నలభై గొంతులు లేచాయి. ఈసారి తగ్గుగా, ఊటలో నీరు ఉబికినట్టు.

"శత్రువులు తరిమితే ఒక వానాకాలమంతా నన్ను దాచినవాళ్ళు వీళ్ళు. కొండ కింది రాయికి పైన వీళ్ళ మాట, కింద మా మాట. అడగనిదే ఎక్కం, రమ్మననిదే రాం. నేనూ ఎక్కను, నా కొడుకూ ఎక్కడు, నా మనవడూ ఎక్కడు, మరేమనుకున్నావ్!"

చెప్పి, అందరూ ఉద్దండవర్మ వంక చూస్తూ నిలబడ్డారు.

"ఇది రేకులో లేదు!" అని అరిచాడు మంత్రి.

"ఎలా ఉంటుంది బాబూ? చెక్కినాయనకి మోకాళ్ళ నొప్పులు. కొండెక్కలేక సగంలో కూర్చున్నాడు. వినబడినంతవరకు చెక్కాడు. ఈ మెట్టు రాజు తాత మెల్లగా అన్నాడు."

వామనభట్టు గొంతు సవరించుకున్నాడు. "పై మెట్టు కాదంటే కింది మెట్లూ కావు ప్రభూ. అప్పుడు మా కట్ట మేము వేసుకుంటాం."

రాజు ఇరుక్కున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి బింకంగా అన్నాడు: "కానీ... రాజులు రాజులతోనే కదా ఒప్పందం చేసుకునేది?"

"ఆ మాట నువ్వు రెండుసార్లు ఒట్టేసి చెప్పావు" అంది సోమి. "నీ తాత నోట 'మరేమనుకున్నావ్' విన్నప్పటినుంచి మా కొండమీద ఒట్టంటే అదే. మా పెళ్ళికొడుకులు కూడా 'చక్కగా చూసుకుంటాను, మరేమనుకున్నావ్' అంటేనే పిల్లనిస్తాం. రాజులు రాజులతోనే చేసుకుంటారు. నీ తాత మాతో చేసుకున్నాడు. మరి మేమెవరమో ఇప్పుడు నువ్వే చెప్పు నాయనా."



ఉద్దండవర్మకి ఎక్కడో పొట్టలోంచి నవ్వు పుట్టింది. కళ్ళలో నీళ్ళు ఆరకముందే పగలబడి నవ్వాడు.

"అమ్మో, అమ్మో! నన్ను మెట్టు మెట్టుగా ఎక్కించి ఎంత పని చేశావమ్మా!"

"నేనెక్కించలేదు. నువ్వే చెప్పు చెప్పు అని ఎక్కావు."

"ఔను" అన్నాడు రాజు. ఈసారి నవ్వకుండా, తలవంచి అన్నాడు. "అది కూడా మాదే."

అని హారం తీసి ఆమె ముందుంచాడు. సోమి పుచ్చుకోలేదు. "ఇది తూకంలో బరువే గానీ, దీని మీద కూర్చోలేను కదా రాజా! ఇందాకట్నుంచి నిలబడి నా కాళ్ళు లాగుతున్నాయి. ఐదు పీఠాలున్నాయి, ఆరోది వేయించు."

ఆరో పీఠం వేశారు. కొత్తగా రాసుకున్న ఒప్పందం మీద ఐదుగురి సంతకాల పక్కన ఆరో గుర్తుగా సోమి బొటనవేలు తేనెలో ముంచి అద్దింది. ఆ రోజునుంచి వెండేరు మాట ఎక్కడ జరిగినా ఆరు పీఠాలే. సభామంటపం రాతిస్తంభాలతోనే లేచింది. ఇకపై ఎవరూ కాళ్ళు నొప్పెట్టేలా నిలబడనక్కర్లేదని, బిరుదులు కూడా మూడుకి తగ్గించుకున్నాడు రాజు.

మామిడి పిందె కాయయ్యే వేళకి ఉద్దండవర్మ మబ్బుకొండకి బయలుదేరాడు. పల్లకీ దూరంగా ఆపించాడు. రాయి దగ్గర చెప్పులు విడిచాడు. తల వెనక్కి వాల్చి చూశాడు. కొండ ఎక్కడ ముగిసిందో, మబ్బు ఎక్కడ మొదలైందో తెలియలేదు. తాత నిలబడ్డ చోటే తానూ నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి ఆయన గొంతు చిన్నదైపోయింది.

"రావచ్చా?" అని కేకేశాడు.

జవాబు లేదు. గాలి వీచింది. పరివారం ముఖముఖాలు చూసుకున్నారు. మంత్రి ఏదో అనబోతే రాజు వేలెత్తి ఆపాడు. వాళ్ళు పైన మాట్లాడుకుంటున్నారు, అందరూ సరే అనాలి కదా!

పొద్దు మూరెడు జరిగింది. అప్పుడు మొదటి శిఖరం నుంచి ఒక గొంతు, పక్క శిఖరం నుంచి ఇంకో గొంతు, ఆ వెనక శిఖరం నుంచి మరో గొంతు లేచి, కొండ కొండంతా ఒక్కసారిగా పలికింది:

"రా! మరేమనుకున్నావ్!"