లక్షా మూడు

బొమ్మన కొండ దిగక నాలుగు నెలలైంది.

కొండమీద జైన ముని శ్రుతకీర్తి దగ్గర గణితం నేర్చుకునేవాళ్ళలో అతను చురుకైనవాడు. ఒకనాడు పాఠం మధ్యలో ముని, "లక్షా మూడును, ఒకటీ ఆ సంఖ్యా కాక, శేషం లేకుండా భాగించేది ఇంకేదైనా ఉందా?" అని అడిగాడు. మిగతావాళ్ళు రెండు రోజులు చూసి వదిలేశారు. బొమ్మన మాత్రం, అది తేలేదాకా కొండ దిగనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

రెండుతో మొదలుపెట్టి వరసగా భాగించుకుంటూ పోయాడు. రోజుకు యాభై. ఇసుక పలక మీద రాయడం, చెరపడం. వేలికొస పగిలింది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఆరువేలు దాటినా చివర ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. ఇప్పుడతనికి జవాబు మీద ఆశ లేదు. మానేసే ఓపికా లేదు.

ఒక మధ్యాహ్నం అతని అక్క కామవ్వ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఎల్లుండి పిల్లకి అన్నం ముట్టించాలిరా. బారసాలకీ రాలేదు. మేనమామవి, ఇప్పుడైనా రావా?"

"సగం దాకా, అంటే యాభై వేల దాకా చూడాలక్కా," అన్నాడు పలక మీంచి చూపు తిప్పకుండానే. "ఇంకో రెండున్నరేళ్ళు."

కామవ్వ అక్కడే కూలబడింది.

గుహ వాకిట్లో ఉన్న ముని లేచి వచ్చాడు. పన్నెండు గులకరాళ్ళు ఏరి బొమ్మన ముందు పేర్చాడు.

"ఎన్ని వరసలు?"

"మూడు. వరసకి నాలుగు."

"లేచి ఈ పక్కకొచ్చి కూర్చో."

మోకాళ్ళు పట్టేశాయి. నేలమీద చెయ్యి ఆనించి లేచి, పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడో?"

"నాలుగు వరసలు. వరసకి..."

బొమ్మన గబుక్కున పలక దగ్గరికి లాక్కున్నాడు.

పెద్ద సంఖ్య ఏది భాగించినా, దానికి జోడుగా చిన్నది ఒకటి ఉండి తీరాలి. దాని మీద మూడువందల పదిహేడును మూడువందల పదిహేడుతో హెచ్చవేశాడు. లక్షా మూడు దాటిపోయింది. అంటే జోడులో ఒకటైనా మూడువందల పదిహేడుకన్నా చిన్నదే కావాలి. ఆ చిన్నవన్నీ అతను ఏడో రోజుకే చూసేశాడు. వాటిలో ఏదీ భాగించలేదు.

పలక చెరిపేశాడు. తర్వాత, "పద అక్కా," అన్నాడు.

"రెండున్నరేళ్ళన్నావు?"

"ఎప్పుడో అయిపోయిందక్కా."

వెళ్ళబోతూ ముని పాదాల దగ్గర వంగి, లేవకుండా అడిగాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు స్వామీ?"

ముని అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యీ అలసిపోయే ఉంది.

"రోజూ చెబుదామనే వచ్చి నిలబడేవాణ్ణి నాయనా. నువ్వు తలెత్తితేగా."