ఒక్క గీతా లేని కాగితం

తవిటినాయుడు ఉద్యోగం మానేద్దామని నిశ్చయించుకున్నాడు. ఆ మాట ముందుగా ఫ్లోరెన్స్ మేడమ్‌కి చెప్పాలని ఒక ఆదివారం సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

విశాఖపట్నంలో పంపులు తయారుచేసే ఒక కంపెనీలో అతను ఇరవై రెండేళ్లుగా డిజైనరు. పని నేర్పింది ఆవిడే. చెక్క బోర్డు మీద ఇంకు పెన్నుతో గీసే రోజుల్లో చేరిన మనిషి. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాక, నలభై దాటిన వయసులో వాటి మీద గీయడం మొదటి నుంచి నేర్చుకుని, తర్వాత నాయుడికి నేర్పింది. రిటైరై పదేళ్లయింది.

ఆఫీసులో ఈ ఏడాది కొత్త సిస్టమ్ పెట్టారని నాయుడు చెప్పుకొచ్చాడు. ఎంత బరువు మోయాలి, ఏ లోహం, ఎంత చోటుంది అని చెబితే చాలు, అదే ముప్పై రకాల డిజైన్లు గీస్తుంది. ఏది విరుగుతుందో, ఏది నిలుస్తుందో కూడా లెక్కగట్టి చూపిస్తుంది. తనకు నాలుగు రోజులు పట్టే పంపు స్టాండును, నిరుడు చేరిన లిఖిత అనే అమ్మాయి టీ చల్లారేలోగా తీసింది. పోనీ ఆ అమ్మాయికి పొగరా అంటే అదీ లేదు. ‘ఒకసారి మీరు చూడండి సార్’ అని స్క్రీను అతని వైపు తిప్పింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

“నాకొచ్చింది గీయడం ఒక్కటే మేడమ్. అదిప్పుడు దానికీ వచ్చేసింది,” అన్నాడు.

ఆవిడ ఓదార్చలేదు. తన భర్త శామ్యూల్ గారి సంగతి ఎత్తింది. ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి, కాలు సరిగా పనిచేయడం లేదు. స్నానాల గదిలో పట్టుకుని లేవడానికి గోడకు ఒక కడ్డీ బిగించాలి. బొమ్మ గీసిస్తే వెల్డింగ్ షాపులో చేయిస్తానని కాగితం, పెన్సిలు అతని చేతికిచ్చింది.

నాయుడు పెన్సిలు ఆనించబోయి ఆగాడు. లేచి స్నానాల గదిలోకి వెళ్ళాడు. అక్కడి స్టూలు మీద కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ లేచి చూశాడు. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు. గోడను వేళ్ళతో తట్టి చెవి ఆనించాడు. బయటికొచ్చి శామ్యూల్ గారి చేత తన మణికట్టు పట్టించుకుని, ఆ పట్టు ఎంతుందో చూసుకున్నాడు. ఆయనతో క్రికెట్ మాట్లాడుతూనే, లేచేటప్పుడు ఆయన ఏ పక్కకు ఒరుగుతున్నారో గమనించాడు. చూసిందల్లా కాగితం మీద రాసుకున్నాడు.

అరగంట తర్వాత మేడమ్ కాఫీ తెచ్చి, అయిందా అని అడిగింది.

“ఇంకా ఒక్క గీతా గీయలేదు మేడమ్,” అని తప్పు చేసినవాడిలా కాగితం ఇచ్చాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఎడమ చెయ్యి. నేల నుంచి ముప్పై ఒక్క అంగుళాలు. కడ్డీ సన్నగా, గరుగ్గా ఉండాలి. కొళాయి వైపు గోడ గుల్ల, స్క్రూ నిలవదు. అన్నిటికంటే కింద ఇంకో మాట ఉంది: పడబోయినా ఎవరినీ పిలవరు, తలుపు దగ్గర రెండో కడ్డీ కావాలి.

ఆవిడ ఆ చివరి మాట మీద వేలు పెట్టింది.

“పిలవరని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు మేడమ్. మిమ్మల్ని పిలవడానికని లోపల గంట కట్టారు కదా. దాని తాడుకు బూజు పట్టింది.”

ఆవిడ భర్త ఉన్న గది వైపు ఒకసారి చూసింది. కాగితం మడిచి నాయుడి చేతిలో పెట్టింది.

“రేపు ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. ఆ సిస్టమ్ ఎలా వాడాలో నేర్చుకో. మొదట ఈ కడ్డీయే దానిచేత గీయించు.”

“ఇవన్నీ దానికెలా తెలుస్తాయి మేడమ్?”

“నువ్వు చెప్పు,” అంది ఆవిడ.