కోదండం రాసిన సాపేక్షత పరీక్ష

యూనివర్సిటీ హాస్టల్లో పదమూడో నంబరు గదిలో ముగ్గురుండేవారు. కోదండం, వీరభద్రం, అప్పలసూరి. ముగ్గురూ ఎమ్మెస్సీ ఫిజిక్సే. తమంత తెలివైనవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఊరికే నమ్మలేదు లెండి. "మీలాంటివాళ్ళని నా సర్వీసులో చూడలేదు" అని సాక్షాత్తూ వార్డెనుగారే అన్నారు. ఆ మాట కాగితం మీద రాసి తలుపుకి అంటించుకున్నారు.

అయితే కోదండానికి ఒక్కటే దిగులు. సాపేక్షత పేపరు రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి, ఇదే ఆఖరిసారి. గట్టెక్కితే వాళ్ళ ఊరి కాలేజీలో లెక్చరరు ఉద్యోగం. వాళ్ళమ్మ అప్పుడే వీధి వీధంతా చెప్పేసింది కూడా. పాపం, ఆ సంగతి తలుచుకుంటే చాలు, కోదండానికి అన్నం సహించేది కాదు.

పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్న ఏడైంది. పుస్తకం ఇంకా తెరవలేదు.

"టైం చాలదురా!" అని ఏడుపు మొహం పెట్టాడు కోదండం.

"మాస్టారేం చెప్పారు? నేలమీద కాలం నెమ్మదిగా నడుస్తుంది, ఎత్తుకి పోయినకొద్దీ తొందరగా నడుస్తుంది అన్నారా లేదా? పైన కూర్చుంటే బోలెడు టైం వస్తుంది" అన్నాడు వీరభద్రం.

ఇంకేముంది! పుస్తకాలు, టేబుల్ గడియారం మోసుకుని ముగ్గురూ డాబా మీది నీళ్ళ ట్యాంకు ఎక్కేశారు. నిజమో కాదో చూద్దామని అప్పలసూరి కిందికి దిగి, గది గోడ గడియారం చూసొచ్చాడు. కోదండం గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. ఆ సంగతి ఎవరికి గుర్తుంది?

"పది నిమిషాలు కలిసొచ్చాయిరోయ్!"

ఒక్కసారికే పదైతే ఆరుసార్లకి గంట కదా! అంతే. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. పన్నెండయ్యేసరికి నాలుగు గంటలు మిగిల్చారు. పుస్తకం మాత్రం తెరవలేదు.

ఇక దిగాలి. కాళ్ళు పీకేస్తున్నాయి, పుస్తకాలేమో బరువు.

"పడిపోయేదానికి బరువుండదని మాస్టారు చెప్పలా? వదిలేయ్" అన్నాడు అప్పలసూరి.

కోదండం పుస్తకాలన్నీ వదిలేశాడు. సరిగ్గా కింద మెస్సు పెరట్లో సాంబారు గుండిగ ఉంది. వంటాయన పైడయ్య ఒళ్ళంతా పప్పూ ములక్కాడలూ కారుతుండగా తలెత్తి చూశాడు.

"ఎవడ్రా అది? గుండిగ సొట్టపోయింది!"

"బరువు లేని పుస్తకానికి సొట్టెలా పడుతుంది పైడయ్యా? అది ముందునించీ ఉందేమో చూసుకో" అన్నాడు కోదండం మర్యాదగా.

పైడయ్య చేత చివాట్లు తిని గది చేరేసరికి ఒంటిగంటన్నర అయింది. పరీక్ష హాలు కిలోమీటరు దూరం. ముగ్గురికీ అడుగు పడట్లేదు. కోదండం గడియారం కేసీ గుమ్మం కేసీ మార్చి మార్చి చూశాడు.

"కంగారెందుకు? కదిలేదెవరో కదలనిదెవరో తేల్చి చెప్పలేం అన్నారు మాస్టారు. మనం హాలుకి పోయినా, హాలు మన దగ్గరికొచ్చినా లెక్క ఒకటే" అన్నాడు వీరభద్రం.

కోదండానికి ప్రాణం లేచొచ్చింది. అతను హాలుటికెట్టూ పెన్నూ పట్టుకోగా, ముగ్గురూ మంచం మీద బుద్ధిగా కూర్చున్నారు. రెండైంది. హాలు రాలేదు.

"అంత హాలు ఈ గుమ్మంలో ఎలా పడుతుందిరా? వచ్చి వెనక్కి పోతోందేమో!" అని కోదండం ఉలిక్కిపడ్డాడు. వెంటనే గునపం తెచ్చి గోడ పగలగొట్టడం మొదలెట్టాడు.

రెండూ ఇరవైకి, వాళ్ళకి సాపేక్షత పాఠం చెప్పిన నరసింగరావు మాస్టారు రొప్పుకుంటూ వచ్చారు. కోదండం కనబడలేదని మనసాగక పరుగెత్తుకొచ్చారాయన.

"ఒరేయ్! ఇంకా పది నిమిషాలే, తర్వాత లోపలికి రానివ్వరు! పద పద!"

సగం గోడ పడిపోయింది. కోదండం చెమట తుడుచుకుని, మాస్టారి వెనక్కి తొంగి చూశాడు.

"మీరు ముందొచ్చేశారా సార్? కాస్త పక్కకి జరగండి, హాలు మీ మీదికొచ్చేస్తుంది."