లోటులేని బావి

గుండ్లకొత్తపల్లెలో బావులు తవ్వే ఓబులమ్మకు ఒక చెడ్డ గుణం ఉండేది: దేన్నీ ఊరికే నమ్మేది కాదు. బావి అడుగున తీసిన తడి ఇసుకను అరచేతిలో పిండి చూడనిదే ఊట పడిందనకూడదని ఆమె వృత్తిలో కట్టుబాటు. ఆమె దాన్ని అన్నిటికీ అంటగట్టింది. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేది. పెళ్లికి పిలిస్తే, పందిరి వేశారని తెలిశాకే బయలుదేరేది.

ఊరికి ఉన్నది ఒక్కటే బావి. ఆ వేసవిలో పూడిక తీయకపోతే ఊరంతా గొంతెండి చావాలి. బావిలోకి దిగే లావుపాటి మోకులు సిద్ధం చేసిన రోజునే విశ్వపతిశాస్త్రి అనే పండితుడు వచ్చి చావడిలో కూర్చున్నాడు.

"దేవుడంటే ఏ లోటూ లేనివాడు. లేకపోవడం లోటా, కాదా?" అన్నాడు.

"లోటే" అన్నారు జనం.

"మరి లోటే లేనివాడు లేకపోవడం ఎలా కుదురుతుంది? కాబట్టి ఉన్నాడు."

అందరూ చేతులెత్తి మొక్కారు. ఓబులమ్మ రోజూ దేవుడికి దీపం పెట్టే మనిషే. అయినా ఆ రుజువు మరీ తేలిగ్గా దొరికిందని ఆమెకు అనుమానం వచ్చింది.

జనం మెచ్చుకునేసరికి శాస్త్రికి ఊపు వచ్చింది. "బావి బెంగ కూడా వదిలేయండి. ఏ లోటూ లేని బావిని తలచుకోండి. లేకపోతే అది లోటే కదా? మనకు దూరంగా ఉన్నా లోటే. కాబట్టి ఈ పొలిమేరలోనే ఉండి తీరాలి" అన్నాడు.

పూడిక తీయాల్సిన వాళ్లంతా ఆ బావిని వెతకడానికి పోయారు. మోకు పట్టే దిక్కులేక ఓబులమ్మ నాలుగు రోజులు గట్టు మీదే కూర్చుంది. ఐదో రోజు చేద ఖాళీగా పైకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం శాస్త్రి దాహమంటూ వచ్చాడు. ఓబులమ్మ చెంబు చేతికిచ్చింది.

"ఇందులో నీళ్లేవమ్మా?"

"లోటులేని నీళ్లు తలుసుకో సామీ. లేకపోతే లోటు గదా? ఉండే ఉంటాయి, తాగు."

శాస్త్రి ఖాళీ చెంబులోకి చూశాడు. "తలచుకుంటే దాహం తీరుతుందా?" అనబోయి ఆగిపోయాడు.

"దేవుణ్ణి నేను కాదన్లేదు సామీ. నీ రుజువు మీదే నాకనుమానం. దాంతో ఏదైనా ఉండాదని చెప్పొచ్చు."

శాస్త్రి ఉత్తరీయం నడుముకు చుట్టి మోకు పట్టాడు. ఆ బావి దొరక్క తిరిగొచ్చిన ఊరివాళ్లు అది చూసి సిగ్గుపడి తలా ఒక చెయ్యి వేశారు. మూడో రోజు ఓబులమ్మ బావిలోంచి పైకి వచ్చి శాస్త్రి అరచేతిలో గుప్పెడు ఇసుక పెట్టింది. ఆయన పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"ఉన్నాయి" అన్నాడు శాస్త్రి మెల్లగా.

నీతి: ఎంత గొప్పదాన్ని తలచుకున్నా తలపు తలపే, అది ఉందో లేదో విడిగా తెలుసుకోవలసిందే.